విశ్రాంతి లేనివారి విశ్రాంతిదినం

(దక్షిణ ఒడిశా తెలుగు అడ్వెంటిస్టు సంఘాల సబ్బాతు బడి, అంటే శనివారపు విశ్రాంతిదినాన జరిగే బైబిలు తరగతుల, ఉపాధ్యాయుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, సబ్బాతు బడి తరగతులు నడుపుతున్న అక్కలకు, అన్నలకు వందనాలు. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, ఘాట్ దిగి జయపురం నుంచి కూడా వచ్చారు. ఒక్క పూటలో చెప్పుకోవలసింది చాలా ఉంది గనుక నేరుగా వాక్యంలోకి వెళ్దాం.

యెషయా 58వ అధ్యాయం తీయండి. పద్నాలుగు వచనాలే. మొదటి ఐదింటిలో జనం ఫిర్యాదు చేస్తున్నారు: మేం ఉపవాసం ఉంటే నువ్వు చూడవేం, మమ్మల్ని మేం ఆయాసపరచుకుంటే నీకు పట్టదేం అని. దేవుడు జవాబు చెప్తాడు. మీరు ఉపవాసం ఉన్న రోజునే కూలివాళ్ళ చేత చాకిరీ చేయిస్తున్నారు, కలహాలు పెట్టుకుంటున్నారు అంటాడు. ఏడవ వచనంలో తనకు ఇష్టమైన ఉపవాసం ఏదో చెప్తాడు. ఆకలిగొన్నవాడికి అన్నం, బట్టలేనివాడికి బట్ట, "దిక్కుమాలిన బీదలను నీ యింట చేర్చుకొనుటయు". ఆ అధ్యాయమే 13, 14 వచనాల్లో విశ్రాంతిదినం మీద ముగుస్తుంది. మన తరగతుల్లో 13వ వచనం పిల్లలకు కూడా నోటికి వస్తుంది. ఏడవ వచనం దగ్గరికి వచ్చేసరికి మన గొంతు తగ్గుతుంది.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. విశ్రాంతిదినపు ఆజ్ఞలోనే దిక్కులేనివాడి వాటా ఉంది. ద్వితీయోపదేశకాండము 5:14 చదవండి: నీ దాసుడు, నీ దాసి, నీ యిండ్లలో ఉన్న పరదేశి. వాళ్ళు నీలాగే విశ్రమించాలని ఆ వచనమే చెప్తుంది. కారణం 15వ వచనంలో ఉంది: నువ్వూ ఐగుప్తులో దాసుడివే, జ్ఞాపకం పెట్టుకో. నిర్గమకాండము 23:12 కూడా ఇదే పాట. నీ ఎద్దు, నీ గాడిద, నీ దాసి కొడుకు, పరదేశి సేద తీరాలి గనుక నువ్వు ఏడో రోజు పని ఆపు అని. ఆజ్ఞ ఇలా ఉన్నప్పుడు, మన ఊళ్ళో ఎవరికి విశ్రాంతి లేదో తెలుసుకోకుండా సబ్బాతు పాఠం పూర్తి చేశామనడానికి వీల్లేదు.

రోడ్డు మీద పడుకునే మనిషికి అన్నిటికన్నా కరువైనది నిద్ర. షాపుల మెట్లు రాత్రి పదీ పదకొండు దాకా ఖాళీ కావు. తెల్లవారుజామున ఊడ్చేవాళ్ళు వచ్చి లేపేస్తారు. మధ్యలో దోమలు, కుక్కలు, లాఠీ చప్పుడు, తలకింద మూట ఎవరైనా లాక్కుపోతారన్న భయం. ఒంటరి ఆడమనిషి అయితే రాత్రంతా దీపస్తంభం కింద మేలుకుని కూర్చుని, నలుగురూ తిరిగే పగటిపూట గుడి మెట్ల మీదో ఆస్పత్రి వరండాలోనో కునుకు తీస్తుంది. మనం ఆ కునుకునే చూస్తాం. చూసి, పట్టపగలు పడుకుంది, పని చెయ్యదు అనుకుంటాం. ఈ ఒక్క అపార్థం తొలగితే సగం పని అయినట్టే.

ఇక తరగతి సంగతి. మన పాఠాల పద్ధతి కొత్తదేం కాదు. 1852లో మన అడ్వెంటిస్టు సంఘ స్థాపకుల్లో ఒకరైన జేమ్స్ వైట్ పిల్లల కోసం వారానికొక పాఠం రాయడంతో మొదలైంది. ఇప్పుడు మూడు నెలలకు పదమూడు పాఠాలు. సబ్బాతు మధ్యాహ్నం పరిచయం, కంఠస్థ వాక్యం, ఆదివారం నుంచి గురువారం దాకా రోజుకొక భాగం, శుక్రవారం చర్చకు ప్రశ్నలు. ఈ ఏర్పాటు ఇంటి దగ్గర చదివి రావడానికి. సబ్బాతు ఉదయం ఆ పాఠాల పత్రిక తెరిచి పేరా పేరా చదివించే తరగతిలో చర్చ ఉండదు. చదవడం వచ్చినవాళ్ళు చదువుతారు, రానివాళ్ళు తలొంచుకుని కూర్చుంటారు. మన సంఘాల్లో రెండో రకంవాళ్ళు తక్కువేం కాదు. తెలుగు ఇంట్లో మాట్లాడతారు గానీ బడి ఒడియాలో చదివారు. తెలుగు లిపి కూడబలుక్కోవాలి. అలాంటివాళ్ళ చేత గట్టిగా చదివించి సిగ్గుపెట్టవద్దు. వచనం మీరు నెమ్మదిగా రెండుసార్లు చదివి, "ఇప్పుడు పుస్తకం మూసి ఏం జరిగిందో చెప్పమ్మా" అనండి. చక్కగా చెప్తారు.

తరగతికి ఆరుగురి నుంచి ఎనిమిదిమంది. పది దాటితే ముగ్గురే మాట్లాడతారు, మిగతావాళ్ళు వింటారు. వరసగా వేసిన బెంచీల మీద ముందువాళ్ళ వీపు చూస్తూ ఎవరూ మనసు విప్పరు. చాప పరచి గుండ్రంగా కూర్చోండి. గంట సమయం ఉంటే మొదటి పది నిమిషాలు హాజరు, ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు. తర్వాత ముప్ఫై అయిదు నిమిషాలు వాక్యం. చివరి పదిహేను నిమిషాలు బయటి పనికి, అంటే ఊళ్ళో ఇల్లు లేనివాళ్ళ కోసం చేసే పనికి. ఆ పదిహేను నిమిషాలనే ఎప్పుడూ వాక్యం మింగేస్తుంది. అందుకని గడియారం చూసే బాధ్యత ఉపాధ్యాయుడికి ఇవ్వకండి, తరగతిలో ఒక కుర్రాడికి ఇవ్వండి. సమయం అయిందని వాడు చెయ్యెత్తితే, పెద్దాయన మాట్లాడుతున్నా సరే, ఆపాలి.

పాఠం ఎలా నడవాలో రూతు రెండో అధ్యాయంతో చూపిస్తాను, ఎందుకంటే మన పనికి దీనికన్నా మంచి పాఠం నాకు కనపడలేదు. ముందు లేవీయకాండము 19:9, 10 చదవండి. పొలం ఓరలు కోయకు, రాలిన పరిగె ఏరుకోకు, బీదలకూ పరదేశులకూ వదిలెయ్యి. అది చట్టం. ఇప్పుడు రూతులోకి రండి. పొలం యజమాని బోయజు చట్టం పాటిస్తున్నాడు, అందుకే పరదేశి విధవ రూతు ఆ పొలంలో ఉంది. తరగతిని ఇలా అడగండి: బోయజు చట్టం అడిగినదానికన్నా ఎక్కువ ఏమేం చేశాడు? ఒక్కొక్కటే వాళ్ళ నోటివెంటే రానివ్వండి. ఈమె ఎవరని విచారించాడు, 5వ వచనం. వేరే పొలానికి వెళ్ళొద్దు, నా పనికత్తెలతోనే ఉండు అన్నాడు, 8. నిన్ను ముట్టవద్దని కుర్రవాళ్ళకు చెప్పాను అన్నాడు, దాహమైతే వాళ్ళు తోడిన నీళ్ళు తాగమన్నాడు, 9. భోజనవేళ పక్కన కూర్చోబెట్టుకుని పేలాలు అందించాడు, 14. ఆమెను అవమానపరచవద్దు అన్నాడు, 15. ఆమెకోసమే కొన్ని పిడికిళ్ళు వెయ్యండి, ఆమెను గద్దించకండి అన్నాడు, 16.

ఇక్కడ తొందరపడకండి. భద్రత, నీళ్ళు, కలిసి భోజనం, మర్యాద, ఆమె కష్టపడి ఏరుకున్నట్టే ఉండే ఏర్పాటు. సాయంత్రానికి దుళ్ళగొడితే తూమెడు యవలు, ఆమె కష్టార్జితం. ఎవరూ ఆమె చేతిలో పొట్లం పెట్టి నిలబెట్టలేదు. అప్పుడు రెండో ప్రశ్న: మన ఊరి స్టేషన్ ముందు ఉన్నవాళ్ళకు ఈ అయిదింటిలో ఏవి దొరుకుతున్నాయి, ఏవి లేవు? మూడో ప్రశ్న: ఈ వారం మనలో ఎవరు, ఎవరి కోసం, ఏం చేస్తాం? మొదటి ప్రశ్నకు జవాబు వాక్యంలో ఉంటుంది, రెండోదానికి ఊళ్ళో, మూడోదానికి తరగతిలో. ఏ పాఠమైనా ఈ మూడు ప్రశ్నలతో నడపవచ్చు. "మనం ప్రేమ కలిగి ఉండాలి", "ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోవాలి" అన్న జవాబులు వచ్చినప్పుడు మెత్తగా అడగండి: ఎవరిని, ఏ రోజు, ఎన్నింటికి?

మంచి సమరయుడి పాఠం వచ్చినప్పుడు కూడా అంతే. లూకా 10:33 నుంచి 35 దాకా ఆయన చేసిన పనులు వేళ్ళ మీద లెక్కపెట్టించండి. చూశాడు, దగ్గరికి పోయాడు, నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు, సత్రానికి తీసుకెళ్ళాడు, ఆ రాత్రి తానే చూసుకున్నాడు, మరునాడు రెండు దేనారాలు ఇచ్చాడు. దేనారం అంటే ఒక రోజు కూలి, మత్తయి 20:2 చూడండి. అన్నిటికన్నా ముఖ్యం చివరి పని: ఇంకేమైనా ఖర్చయితే మళ్ళీ వచ్చినప్పుడు తీరుస్తాను అన్నాడు. తిరిగి వచ్చే మనిషి ఆయన. మన సంఘాలు తప్పుతున్నది సరిగ్గా ఇక్కడే. క్రిస్మస్ రోజుల్లో యాభై దుప్పట్లు పంచి ఫొటో దిగి, మళ్ళీ ఏడాది దాకా అటు తొంగిచూడం.

తరగతిలో రెండు అభ్యంతరాలు ప్రతిసారీ వస్తాయి. సిద్ధంగా ఉండండి. "బీదలు దేశంలో ఉండకమానరు" అని ద్వితీయోపదేశకాండము 15:11 ఎత్తుతారు. ఆ వచనం అక్కడ ఆగదు, అందుచేతనే నీ చెయ్యి చాపాలని ఆజ్ఞాపిస్తుంది. మొత్తం చదివించండి. రెండోది, పని చెయ్యనివాడు తినకూడదు అన్న 2 థెస్సలొనీకయులు 3:10. ఆ వచనం చెప్పేది పని చెయ్యడానికి ఒప్పుకోనివాడి గురించి. తర్వాతి రెండు వచనాలు చదివితే, సంఘంలోనే ఉండి పరుల జోలికి పోతూ ఊరికే తిరిగేవాళ్ళకు పౌలు చెప్పిన మాట అని తెలుస్తుంది. మన ఊళ్ళలో బయట పడుకునేవాళ్ళలో రిక్షా తొక్కేవాళ్ళు, హోటల్లో గిన్నెలు తోమేవాళ్ళు, మార్కెట్లో మూటలు మోసేవాళ్ళు, ప్లాస్టిక్ ఏరేవాళ్ళు ఉన్నారు. అద్దె కట్టేంత మిగలదు, అంతే. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఇల్లు లేనివాళ్ళు 17 లక్షల 70 వేల పైచిలుకు. వాళ్ళంతా సోమరులని ఎవరనగలరు?

చివరి పదిహేను నిమిషాలకు ఒక రెండువందల పేజీల నోట్‌బుక్ కొనండి. ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. పైన పేరు, తెలియకపోతే ఏమని పిలిస్తే పలుకుతారో అది. కింద: ఎక్కడ పడుకుంటారు, ఏ భాష, సుమారు వయసు, ఒంట్లో బాగోకపోవడం ఏమైనా ఉందా, కాగితాలు ఏమున్నాయి, ఏం కావాలన్నారు. ఆ తర్వాత తేదీ వేసి, ఎవరు వెళ్ళారు, ఏమైంది. వచ్చే సబ్బాతు తరగతి మొదలవగానే వాక్యానికి ముందు ఈ పుస్తకమే తెరవాలి. "మీరు వెళ్తామన్నారు కదా మామయ్యా, వెళ్ళారా?" అని అందరిముందూ అడగడం మొదట కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. మూడు నాలుగు వారాల్లో అలవాటైపోతుంది. ఈ పుస్తకం మాత్రం ఇంటికి పట్టుకెళ్ళి పదిమందికీ చూపించేది కాదు, తరగతి దాటి పోకూడదు. అందులో ఉన్నవి ఇతరుల బతుకులు.

మొదటిసారి వెళ్ళేటప్పుడు ఏమీ తీసుకెళ్ళకండి. ఇది చాలామందికి వింతగా ఉంటుంది. అన్నంతో వెళ్తే గుంపు కమ్ముతుంది, బలమున్నవాడు ముందుకొస్తాడు, నిజంగా లేవలేనివాడు మూలనే ఉండిపోతాడు. రాత్రి పది తర్వాత వెళ్ళండి, ఎందుకంటే పగలు ఎవరికి ఇల్లుందో ఎవరికి లేదో తెలియదు. ముగ్గురు వెళ్ళండి, ఒక ఆడమనిషి తప్పకుండా ఉండాలి. స్టేషన్ బయట, బస్టాండు, గుడి మెట్లు, పెద్దాస్పత్రి వరండా, ఓవర్‌బ్రిడ్జి కింద. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆస్పత్రి చుట్టూ పడుకునేవాళ్ళలో చాలామంది దూరపు ఊళ్ళ నుంచి రోగిని తెచ్చుకున్న బంధువులు. వాళ్ళకు ఊళ్ళో ఇల్లుంది, ఈ రాత్రికి కప్పు లేదు. వాళ్ళ అవసరం వేరు: వేడినీళ్ళు, ఒక చాప, మందుల చీటీ చదివి చెప్పే మనిషి. నిద్రపోతున్నవాళ్ళను లేపకండి. మేలుకుని ఉన్నవాళ్ళ దగ్గర నిలబడి మాట్లాడకండి, పక్కన నేలమీద కూర్చోండి. ముందు మీ పేరు చెప్పండి. పెద్దవాళ్ళయితే తెలుగువాళ్ళను తాతా, మామ్మా అనండి, ఒడియావాళ్ళను మౌసా, మౌసీ అనండి. "ఖాయిచొ కి మౌసా", అంటే తిన్నావా, అన్న ఒక్క ముక్కతో మాట కలుస్తుంది.

సరిహద్దు జిల్లాల తెలుగువాళ్ళుగా మన చేతిలో ఒక వరం ఉంది. హౌరా–చెన్నై లైను మీద ఉన్న బరంపురంలో ఎక్కడెక్కడివాళ్ళో దిగిపోతారు. మతి స్థిమితం లేక రైలెక్కి, ఎక్కడ దించేస్తే అక్కడ మిగిలిపోయినవాళ్ళు ఉంటారు. ఒడియాలో పలకరిస్తే ఉలుకూ పలుకూ ఉండదు. మూగ అనుకుని వదిలేస్తారు. అదే మనిషిని తెలుగులో "ఏ ఊరమ్మా మీది?" అంటే ఒక్కోసారి తలెత్తుతుంది. ఊరి పేరు రాకపోయినా పక్కన పారే ఏటి పేరో, వారపు సంత పేరో, అమ్మవారి పేరో చెప్తారు. ఏది చెప్తే అది, అన్నది అన్నట్టే పుస్తకంలో రాయండి. మీకు అర్థం కాని పేరు ఆ జిల్లావాళ్ళకు అర్థమవుతుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు సంఘాలతో ఫోన్ నంబర్లు పంచుకోండి. అయితే మనిషి ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. అది చేరకూడనివాళ్ళకు చేరుతుంది.

అలా మానసిక జబ్బుతో తిరుగుతున్నవాళ్ళ విషయంలో చట్టం మన పక్షాన ఉంది. 2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టం నూరవ సెక్షన్ ప్రకారం, తనను తాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్న మనిషిని రక్షణలోకి తీసుకోవడం ఆ స్టేషన్ పోలీసు అధికారి బాధ్యత. 24 గంటల లోపు ప్రభుత్వ ఆస్పత్రిలో చూపించాలి, లాకప్‌లో పెట్టకూడదు, తప్పిపోయిన మనిషిగా కేసు రాసి కుటుంబాన్ని వెతకాలి. స్టేషన్‌కు వెళ్ళేటప్పుడు సెక్షన్ నంబరు రాసిన కాగితం పట్టుకెళ్ళండి, మర్యాదగా మాట్లాడండి. ఎవరితో మాట్లాడారో, ఎన్నింటికో రాసుకోండి. సలహా కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416.

అన్నం సంగతి. సబ్బాతు రోజున, అంటే శుక్రవారం పొద్దు గుంకినప్పటి నుంచి శనివారం పొద్దు గుంకేదాకా, వంట చెయ్యం, శుక్రవారమే సిద్ధపాటు దినం. నిర్గమకాండము 16లో ఆరో రోజు మన్నా రెట్టింపు కూర్చుకున్నట్టు మనమూ ముందుగా వండుకుంటాం. ఇంట్లోకి అది సరిపోతుంది. పంచడానికి మాత్రం శుక్రవారం వండిన అన్నం శనివారం మధ్యాహ్నం దాకా బయట ఉంచకండి. మన ఉక్కకు లోపల పులుస్తుంది, మళ్ళీ వేడిచేసినా పోని విషం అన్నంలో పుడుతుంది. విరేచనాలు పట్టుకుంటే ఇల్లున్నవాడికి మరుగుదొడ్డి ఉంది, రోడ్డు మీద మనిషి ఎక్కడికి పోతాడు? రెండు దారులున్నాయి. సబ్బాతు పగటిపూట వెళ్తే అటుకులు, వేయించిన శనగలు, బెల్లం, అరటిపళ్ళు, అన్నీ శుక్రవారం సూర్యాస్తమయానికి ముందే కొని పెట్టుకోండి. లేదంటే శనివారం పొద్దు గుంకాక వండండి. డిసెంబరులో బరంపురంలో ఐదుంబావుకల్లా సూర్యుడు అస్తమిస్తాడు, జూన్‌లో ఆరున్నర దగ్గరవుతుంది. అప్పుడు పొయ్యి వెలిగించినా ఎనిమిదిన్నరకు వడ్డించవచ్చు. నాకు ఈ రెండో దారే నచ్చుతుంది. ఐదు రూపాయలకు అన్నం, డాల్మా (కూరగాయలు వేసి వండిన పప్పు) పెట్టే ఒడిశా ప్రభుత్వపు ఆహార్ పథకం 2015 ఏప్రిల్ 1న మొదలైంది, మొదటి ఐదు నగరాల్లో బరంపురం ఒకటి. అయితే అది ముఖ్యంగా మధ్యాహ్నపు భోజనం. ఖాళీ ఉన్నది రాత్రికి.

ఇరవైమందికి మూడు కిలోల బియ్యం, కిలోంబావు పప్పు, మూడు కిలోల కూరగాయలు: పచ్చి అరటి, బొప్పాయి, గుమ్మడి, వంకాయ. మనమూ డాల్మానే వండుదాం. పళ్ళూడిపోయినవాళ్ళూ నోరు పూసినవాళ్ళూ ఉంటారు గనుక ముక్క చేత్తో నొక్కితే మెదిగిపోయేంత ఉడకాలి. కారం సగానికి తగ్గించండి. పులిహోర నిలవ ఉంటుందని చేస్తుంటారు, నోటిపూత ఉన్నవాడికి ఆ పులుపూ మిరపకాయా నరకం. ప్లాస్టిక్ కవర్లో పోసిన పప్పు చేత్తో ఎలా తింటారో ఒకసారి ఆలోచించండి. స్టీలు పళ్ళేలు, ఒక డ్రమ్ము నీళ్ళు, చేతులు కడుక్కోవడానికి చెంబు, సబ్బు పట్టుకెళ్ళండి. తిన్నాక పళ్ళేలు మనమే కడుక్కొచ్చుకుందాం. రోజుల తరబడి తిండి లేక ఎముకలు తేలిన మనిషి కనపడితే పళ్ళెం నిండా పెట్టవద్దు. ఒక్కసారిగా కడుపునిండా తినిపిస్తే ప్రాణం మీదికి వస్తుంది. రెండు గరిటెల పల్చని గంజి ఇచ్చి 108కి ఫోన్ చెయ్యండి. ప్లాట్‌ఫారం మీద పంచాలంటే స్టేషన్ మాస్టరు అనుమతి అడగాలి, లేదంటే బయటే పెట్టుకోవాలి.

మందుల సంచి చిన్నదిగా ఉండాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, అయోడిన్ మందు, శుభ్రమైన గాజుగుడ్డ, కట్టు, చేతితొడుగులు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే లీటరు నీళ్ళలోనే కలపాలి, సగం నీళ్ళలో కలిపితే మేలుకన్నా కీడెక్కువ. పురుగు పట్టిన పుండు కనిపిస్తే మీరు ముట్టవద్దు, ఆస్పత్రికే. జ్వరమని పారాసెటమాల్ ఇచ్చి ఊరుకోవద్దు. రాయగడ, కొరాపుట్, గజపతి కొండల వైపు నుంచి వచ్చినవాళ్ళకు మెదడుకెక్కే మలేరియా రావచ్చు, రక్తపరీక్ష ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం. రెండు వారాలు దాటిన దగ్గు అయితే క్షయ పరీక్షకు మీరే తోడు వెళ్ళండి. చీటీ రాసిచ్చి పంపితే వెళ్ళరు. ఓపీలో చీటీ ఎక్కడ తీసుకోవాలో తెలియక, బట్టలు చూసి ఎవరో కసిరితే వెనక్కి వచ్చేస్తారు.

దుప్పట్ల గురించి ఒక మాట. ఇచ్చిన దుప్పటి అమ్ముకున్నారని మనవాళ్ళు నొచ్చుకుంటారు. పగలంతా దాన్ని ఎక్కడ దాచుకోవాలి? మోసుకు తిరిగితే బరువు, వదిలేస్తే పోతుంది, మంచుకు తడిస్తే ఆరేసుకునే చోటు లేదు. పైగా చలి కిందనుంచి ఎక్కువ కొడుతుంది. మందపాటి దుప్పటి ఒకటి ఇచ్చేకన్నా ఒక పల్చని దుప్పటి, కింద పరచుకోవడానికి కుట్టిన సిమెంటు సంచుల పట్టా, వీటిని చుట్టి భుజాన వేసుకునేందుకు తాడు ఇవ్వండి. మన డోర్కా సంఘం అక్కలు ఒక్క మధ్యాహ్నంలో పది పట్టాలు కుడతారు. అపొస్తలుల కార్యములు 9:39లో విధవరాండ్రు పేతురుకు చూపించినవి డోర్కా స్వయంగా కుట్టిన అంగీలే కదా.

ఇక చేర్చుకోవడం. పట్టణ బీదల కోసం కేంద్రం నడిపిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నియమావళి పెట్టిన లెక్క ప్రకారం పట్టణంలో ప్రతి లక్ష జనాభాకు నూరుమందికి సరిపడే రాత్రింబవళ్ళ ఆశ్రయం ఉండాలి, మనిషికి కనీసం యాభై చదరపు అడుగులు. బరంపురం జనాభా 2011లోనే మూడున్నర లక్షలు. మీ ఊరి మునిసిపాలిటీలో ఆశ్రయం ఎక్కడుందో, ఎన్ని మంచాలున్నాయో, రాత్రి ఎన్నింటికి తలుపు వేస్తారో ముందు మీరు వెళ్ళి చూడండి. చూడకుండా అక్కడికి పొమ్మనవద్దు. భార్యాభర్తలను విడదీస్తారని, రిక్షా బయట పెడితే పోతుందని, కూలి దొరికే అడ్డాకు దూరమని కొందరు వెళ్ళరు. ఆ కారణాలు న్యాయమైనవే. యోబు తాను ఎరుగనివాడి వ్యాజ్యాన్ని కూడా విచారించానన్నాడు, 29:16. పరదేశి వీధిలో రాత్రి గడపకుండా తన తలుపులు తీశానన్నాడు, 31:32. మనమూ విచారిద్దాం.

ఒంటరిగా ఉన్నవాళ్ళూ చిన్నపిల్లలున్నవాళ్ళూ తెలియని మనిషిని ఇంటికి తెచ్చుకోవాలని నేను అనను. సంఘపు హాలు ఉంది. ఇరవై అడుగులకు ముప్ఫై అడుగుల హాలంటే ఆరువందల చదరపు అడుగులు, పన్నెండుమందికి సరిపోతుంది. వానపడే రాత్రులకైనా తెరవండి. మరుగుదొడ్డి తాళంచెవి, రెండు బకెట్లు, రాత్రంతా వెలిగే ఒక దీపం, మేలుకుని ఉండే ఇద్దరు, ఆడవాళ్ళకు విడిగా తెర కట్టిన చోటు. పోలీస్ స్టేషన్‌లో ముందే చెప్పి పెట్టాలి. ఒంటరి పిల్లలు కనిపిస్తే మాత్రం హాల్లోనూ ఇంట్లోనూ ఉంచుకోకండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పాలి, బాలల న్యాయ చట్టం ప్రకారం 24 గంటల లోపు తెలియజేయాలి. ఆపదలో ఉన్న ఆడవాళ్ళకు 181, వృద్ధులకు 14567.

కాగితాల పని ఓపికతో కూడినది. ఆంధ్రా రేషన్ కార్డు ఉన్న మనిషి, ఆధార్ కలిసి ఉంటే, ఒడిశా రేషన్ దుకాణంలో కూడా వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. ఆ సంగతి తెలియక అడుక్కుంటున్నవాళ్ళున్నారు. ముసలివాళ్ళు, వితంతువులు, వికలాంగులు ఒడిశా ప్రభుత్వపు మధుబాబు పింఛనుకు అర్జీ పెట్టుకోవచ్చు, నివాసం చూపించడం దగ్గర ఆగిపోతుంది. ఒక్కో తరగతి ఏడాదిలో ఇద్దరి కాగితాలు పూర్తి చేస్తే చాలు, నా దృష్టిలో అది వందమందికి పొట్లాలు పంచినదానికన్నా పెద్ద పని.

అన్నం పొట్లంతో కరపత్రం పెట్టకండి. తినేముందు ప్రార్థన చెయ్యమనకండి. 1967 నుంచి ఒడిశాలో మతస్వేచ్ఛ చట్టం ఉంది, ఆశ చూపి మతం మార్పించడం నేరం. చట్టం లేకపోయినా మన మాట ఇదే అయ్యుండాలి. ఆకలిగా ఉన్నవాడి చేత ఆమేన్ అనిపించుకోవడం ప్రభువుకు ఘనత తేదు. వాళ్ళంతట వాళ్ళు అడిగితే చెప్పండి, మరో రోజున, చేతిలో పళ్ళెం లేనప్పుడు.

సబ్బాతు రోజున ఇదంతా పనే కదా అని అడుగుతారు. సభామందిరంలో పద్దెనిమిదేళ్ళుగా నడుము వంగిపోయిన ఆడమనిషిని ప్రభువు నిలబెట్టింది ఆ రోజునే, లూకా 13. మేలు చేయడం ధర్మమే అని మత్తయి 12:12లో తేల్చేశాడు. మనం చేసుకోవలసింది ఏర్పాటు: కొనుగోళ్ళు, వంటకు తరగడం, సంచి సర్దడం శుక్రవారానికే. ప్రాణం మీదికి వచ్చిన మనిషికి మందు కావాలంటే ఆ క్షణమే కొనండి.

డబ్బు విషయం త్వరగా ముగిస్తాను. సబ్బాతు బడి కానుకలోంచి దీనికి తీయవద్దు, దాని గమ్యం వేరు. తరగతికొక డబ్బా, ఇద్దరి సంతకం, నెలకోసారి లెక్క చదవడం. నగదు ఎవరి చేతిలోనూ పెట్టకండి, వైద్యానికీ ప్రయాణానికీ మీరే కట్టండి.

ఒక పని మాత్రం అక్టోబరు లోపల అన్ని తరగతులూ చెయ్యాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. తుపాను హెచ్చరిక ఫోన్లకు వస్తుంది, టీవీలో వస్తుంది, మైకులో వీధుల్లో వస్తుంది. ఓవర్‌బ్రిడ్జి కింద చెవుడున్న మామ్మకు ఎవరు చెప్తారు? మీ నోట్‌బుక్ చివరి పేజీలో పట్టిక గీయండి: మనిషి, పడుకునే చోటు, దగ్గరలో ఉన్న తుపాను ఆశ్రయం లేదా బడి, నడవగలరా, ఆటో కావాలా, తీసుకెళ్ళేది మనలో ఎవరు, వాళ్ళు ఊళ్ళో లేకపోతే ఎవరు. ఆ ఆటో అన్నతో ఇప్పుడే మాట్లాడి ఉంచండి. గాలి మొదలయ్యాక ఏ ఆటో రాదు. సెప్టెంబరు చివరి సబ్బాతున, పదమూడో పాఠం రోజున, ప్రతి తరగతీ ఆ పేజీని సంఘం ముందు చదవాలి. ఖాళీగా ఉన్న గడులను అక్కడే, అప్పుడే నింపాలి.